పాత చెక్కకు కొత్త మెరుగు: గీకడానికి ముందు తెలుసుకోవలసిన సంగతులు

సరిహద్దు పల్లెల్లో ఇల్లు కొత్తగా కట్టుకొన్నప్పుడు, లేదా ఇంట పెళ్లి తలపెట్టినప్పుడు మొట్టమొదట వీథిలోకి చేరేవి పాత చెక్క సామానులే. తాతల నాటి పట్టెమంచం, భోషాణం, పేము అల్లిన కుర్చీ, రెండు రెక్కల వీథి తలుపు నల్లబడి, జిడ్డు పట్టి కళ తప్పి ఉంటాయి. పాత సామాను కొనే బండి రాగానే తూకం మీదనో, ఉజ్జాయింపు ధరకో వాటిని ఇచ్చివేస్తారు. వాటి స్థానంలో రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువా ఇంటికి వస్తుంది. గోడ చెమ్మ తగిలిన మొదటి వానకాలానికే దాని అడుగు అంచులు ఉబ్బడం మొదలవుతుంది. ఒకసారి ఉబ్బిన పలకను మళ్లీ చదును చేసే ఉపాయం వడ్రంగికి కూడా లేదు.

బండికి ఎక్కిన పాత సామాను ఏమవుతుందో తెలుసుకోవాలంటే తమిళనాట కారైక్కుడి పట్టణానికి వెళ్లి చూడవచ్చు. చెట్టినాడు భవంతులనుండి ఊడదీసిన టేకు తలుపులు, స్తంభాలు, పెట్టెలు అక్కడ వీథి పొడవునా దుకాణాలలో అమ్మకానికి ఉంటాయి. నగరాలవారు వచ్చి మంచి ధర పెట్టి కొనుక్కొని పోతారు. అమ్మినవారి ఇంటిలో ఉన్నప్పటికీ, దుకాణంలో ఉన్నప్పటికీ చెక్క ఒక్కటే. మధ్యలో జరిగినది కడగడం, అతుకులు బిగించడం, మెరుగు పెట్టడం మాత్రమే. ఆ పని ఇంటివారే నాలుగైదు దినాల తీరికలో చేసుకోగలరు. అయితే ఉప్పు కాగితం చేత పట్టుకొనే ముందు ఒక ప్రశ్నకు సమాధానం తెలియాలి: చెక్క మీద ఇప్పుడు ఉన్న పూత ఏది? లక్క పూత అయితే గీకవలసిన అవసరమే ఉండకపోవచ్చు. పాత రంగు అయితే, గీకడం వలన ఇంటిలోని పసిపిల్లలకు తీరని హాని కలుగవచ్చు.

పైపూతను గుర్తించే పద్ధతి

మొదట సామానును కడగాలి. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి, చెక్క పొర దిశలోనే తుడవాలి. నీటిని ధారగా పోయరాదు. దశాబ్దాల నాటి వంటింటి పొగ, చేతి జిడ్డు, నూనె దీపాల మసి ఈ ఒక్క పనితోనే చాలావరకు దిగిపోతాయి. ఎన్నో ఇళ్లలో నల్లటి కర్ర అనుకొన్న మంచపు కోడు కడిగిన తరువాత ఎర్రని ఇరుగుడుగానో, తేనె రంగు టేకుగానో బయటపడుతుంది. కొందరు పని ఇక్కడితోనే ఆపుకోవచ్చు. దానికి మించి ఏమీ అవసరం లేదని తెలుసుకోవడం కూడా లాభమే.

ఆరిన తరువాత, మంచం కోడు లోపలి వైపు వంటి కంటికి కనపడని చోట, దూది ఉండను మెథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచి అర నిముషం అద్ది ఉంచాలి. పూత మెత్తబడి దూదికి గోధుమ రంగులో అంటుకొంటే అది లక్క పూత. ఏమీ కాకుండా గట్టిగా నిలిచి ఉంటే అది నూనె వార్నిషు గాని, డబ్బా రంగు గాని, ఇటీవలి కాలపు ప్లాస్టిక్ జాతి పూత గాని అయి ఉంటుంది. పూతే లేక చెక్క స్పిరిట్‌ను పీల్చివేస్తే అది నూనె మాత్రమే పట్టించిన కర్ర. పల్లె ఇళ్లలోని పాత టేకు, ఇరుగుడు సామానులో లక్క పూత తరచుగా కనపడుతుంది.

లక్క ఈ దేశపు సొత్తు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద బ్రదికే చిన్న పురుగు స్రవించే జిగురు అది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలో అధికంగా సేకరిస్తారు. దీని మీద పరిశోధనకు 1924లోనే రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో ఒక సంస్థ వెలసింది. పేర్లు మారుతూ నేటికీ కొనసాగుతున్నది. కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగలాడే మెరుపు ఇచ్చేది ఈ లక్కే. విశేషమేమంటే రెండు చోట్లా వాడే కర్ర కూడా ఒకటే: తెలుగువారు అంకుడు అంటారు, కన్నడిగులు ఆలె మర అంటారు. లక్కను స్పిరిట్‌లో కరగించి గుడ్డతో రుద్దే పద్ధతి పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాన్సులో వ్యాపించినందున దానికి ఫ్రెంచి పాలిష్ అని పేరు వచ్చింది. యానాంలో ఫ్రెంచి పాలన ఉండినది గనుక అక్కడినుండి వచ్చిన పేరని ఎవరైనా అంటే అది సరికాదు.

లక్కకు ఒక మంచి గుణం ఉంది. ఎండి ఎన్నేళ్లయినా మళ్లీ స్పిరిట్ తగలగానే కరగుతుంది. అందుచేత కొత్త పూత పాత పూతలో కలిసి ఒకటైపోతుంది. పగుళ్లు, సన్నని గీతలు, వేడి గిన్నె పెట్టిన తెల్లని వలయాలు ఉన్నంత మాత్రాన పాత పూతను పూర్తిగా తీసివేయనక్కరలేదు. స్పిరిట్‌తో స్వల్పంగా తడిపిన గుడ్డను త్వరత్వరగా ఆనీ ఆనకుండా లాగితే పూత పై పొర కరిగి తనంతట తానే సర్దుకొంటుంది. చెమ్మ వలన కలిగిన తెల్ల మచ్చలలో అనేకం ఈ ఉపాయంతోనే పోతాయి. నేడు పట్టణాలలో కరెంటు యంత్రంతో పాత బీరువాను తెల్లగా గీకించి, దాని మీద గాజు వంటి పూత పోయించడం వాడుక అయింది. పని త్వరగా ముగుస్తుంది గాని, నూరేళ్లకు చెక్కకు వచ్చిన రంగు, చెక్కడపు అంచుల పదును ఆ యంత్రం కింద పొట్టుగా రాలిపోతాయి. అవి తిరిగి రావు.

రంగు పూసిన సామాను విషయంలో మిక్కిలి జాగ్రత్త

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నారింజ వర్ణాలలో మెరిసే డబ్బా రంగులు పల్లె తలుపులకు, కిటికీలకు, ఊయల తొట్లకు వేయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ వర్ణాలకు నిగారింపు, త్వరగా ఆరే గుణం కలగడానికి సీసపు సమ్మేళనాలు కలిపేవారు. భారతదేశంలో ఇళ్లకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని కేంద్రప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు పూర్వం వేసిన రంగులో సీసం ఉన్నదనే భావించి మెలగడం క్షేమం. ఒకదానిపై ఒకటిగా ఐదారు పూతలు ఉన్న తలుపులో అడుగు పూతలు మరింత పాతవి.

గోడకు, తలుపుకు అంటుకొని ఉన్నంతకాలం ఆ రంగు వలన పెద్ద ప్రమాదం లేదు. పొడి ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు అది కంటికి ఆనని ధూళిగా మారి నేల మీద, పరుపుల మీద, ధాన్యపు గాదెల మీద పడుతుంది. నేల మీద ప్రాకే బిడ్డ చేతులు నోటిలో పెట్టుకొంటుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. చదువులో వెనుకబాటు, చురుకుదనం తగ్గడం వంటివి దాని ఫలితాలు. ఇంత మోతాదు వరకు హాని లేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. గర్భవతి శరీరంలో చేరిన సీసం కడుపులోని శిశువుకు కూడా చేరుతుంది. జరిగిన నష్టం వెంటనే పైకి కనపడదు గనుక ఎవరూ దానిని తలుపు గీకిన దినంతో ముడిపెట్టి చూడరు.

కాబట్టి రంగు ఊడకుండా గట్టిగా ఉంటే దానిని గీకరాదు. సబ్బు నీటితో కడిగి, ఆరిన తరువాత పైననే కొత్త రంగు వేయడం ఉత్తమం. నునుపు మీద కొత్త రంగు పట్టదనుకొంటే నీటిలో నానినా చెడని నల్ల కాగితాన్ని తడిపి, తడి మీదనే కొద్దిగా రుద్దాలి. పెచ్చులు లేచిన చోట్ల కూడా తడిపి గీకాలి. ఈ పని ఇంటి బయట, అడుగున ప్లాస్టిక్ పట్టా పరచి, పిల్లలను, గర్భవతులను దూరంగా ఉంచి చేయాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకొంటే చాలదు. సన్నని ధూళిని ఆపగల ఎన్-95 రకం మాస్కు అవసరం. పని ముగిసిన తరువాత చీపురుతో ఊడ్చరాదు, తడి గుడ్డతో తుడవాలి. తొడిగిన బట్టలను విడిగా ఉతకాలి. మంట చూపి రంగును కాల్చి ఊడదీసే పద్ధతి మరింత చెడ్డది. ఆ పొగ నేరుగా ఊపిరిలో చేరుతుంది.

ఇక్కడ పల్లెలకు ప్రత్యేకమైన మరొక అపాయం ఉంది. పనికిరాని పాత తలుపు చెక్కలను స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో పెట్టడం దాదాపు ప్రతి ఊరిలో చూడవచ్చు. రంగు పూసిన చెక్క కాలితే సీసంలో కొంత పొగలో, అధిక భాగం బూడిదలో నిలుస్తుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు, దానినే కూరపాదులకు వేస్తారు. రంగు చెక్కను పొయ్యిలో పెట్టకూడదని ఇంటిలోని పెద్దవారికి నచ్చజెప్పి ఒప్పించడం అవసరం. ఊయల తొట్టి, చంటి పిల్లల కుర్చీ వంటి పిల్లలు పండ్లతో కొరికే సామానుకు పాత డబ్బా రంగు ఉంటే దానిని మరమ్మతు చేసి వాడడం కంటె ప్రక్కన పెట్టడమే మేలు.

అతుకులు, పురుగు

పట్టెమంచం కిర్రుమంటుంటే మేకులు దిగగొట్టడం తరచుగా జరిగే తప్పు. మేకు చెక్కను చీలుస్తుంది, చెమ్మకు తుప్పు పట్టి నల్లమచ్చ చేస్తుంది. పాత వడ్రంగులు ఒక చెక్క చివరను సన్నగా చెక్కి రెండవదాని రంధ్రంలో బిగించి, జంతు చర్మంతో కాచిన వజ్రం అనే జిగురు వాడేవారు. ఆ జిగురు వేడికి, తడికి సడలుతుంది. అతుకు దగ్గర వేడి నీటిలో ముంచిన గుడ్డను కొంతసేపు చుట్టి ఉంచి, చెక్క సుత్తితో మెల్లగా తడితే విడివడుతుంది. లోపలి పాత జిగురును పూర్తిగా గీకివేసి, ఆరనిచ్చి, ఫెవికాల్ వంటి తెల్ల జిగురు పూసి, తాడుతో మెలిపెట్టి బిగించి ఒక రోజు కదల్చకుండా ఉంచాలి. పాత జిగురు మీదనే కొత్తది పూస్తే పట్టు ఉండదు. రంధ్రం అరిగి వదులైతే సన్నని చెక్క చీలికను లోపల కూర్చాలి. పగుళ్లలో నింపడానికి అదే జాతి కర్ర పొట్టును జిగురుతో ముద్దగా కలిపి వాడితే రంగు కొంతవరకు కలుస్తుంది.

అడుగున పిండి వంటి పొడి రాలుతుంటే అది పుచ్చు పురుగు పని. ఈ పురుగు చేవ జోలికి సాధారణంగా పోదు. చేవ చుట్టూ ఉండే తెల్లని మెత్తని కర్రనే తింటుంది. అందువలన పొడి రాలిన మాత్రాన మంచం మొత్తం పోయిందనుకోనక్కరలేదు. పూత లేని లోపలి వైపున బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన వేడి నీటి ద్రావణాన్ని కుంచెతో రెండు మూడుసార్లు పట్టించి ఆరనివ్వాలి. లక్క పూత మీద పూస్తే లోపలికి ఇంకదు. కిరసనాయిలు పోయడం అందరికీ తెలిసిన చిట్కా అయినా, అది ఆవిరైన కొన్నాళ్లకు పురుగు మళ్లీ వస్తుంది. పైగా దాని జిడ్డు మీద పాలిష్ సరిగా పట్టదు. చెదలు వేరు. అవి నేలనుండి వస్తాయి గనుక మట్టి నేల ఉన్న ఇళ్లలో కోళ్ల కింద రాతి ముక్కలు పెట్టి, గోడకు జానెడు దూరంగా సామాను ఉంచి, మట్టి గూడు కట్టడం కనపడగానే తుడిచివేయడమే నిత్యం చేయవలసిన పని.

పేము కుర్చీ అల్లిక కుంగిపోయి ఉంటే, తెగనంతవరకు కొత్తగా అల్లించనక్కరలేదు. కుర్చీని తలక్రిందులు చేసి అడుగువైపునుండి వేడి నీటిలో ముంచిన గుడ్డతో బాగా తడిపి నీడలో ఆరవేస్తే పేము బిగుసుకొంటుంది. ఇత్తడి గడియలు, పిడులు, మడతబందులు ఊడదీసి వేరుగా చింతపండుతో తోమి, కడిగి, ఆరిన తరువాతనే తిరిగి బిగించాలి. చింతపండు పులుపు ఇనుముతో కలిసి చెక్కకు తగిలితే నల్లని మరక పడుతుంది; తుమ్మ, టేకు కర్రలపై అది మరింత స్పష్టంగా కనపడుతుంది.

మెరుగు పెట్టడం

లక్క పాలిష్‌కు కావలసినవి కొద్ది వస్తువులే. చపడా అనే పలుచని లక్క పెచ్చులను లీటరు స్పిరిట్‌కు 140 నుండి 150 గ్రాముల చొప్పున గాజు సీసాలో వేసి, అప్పుడప్పుడు కదుపుతూ రాత్రంతా ఉంచితే కరగుతుంది. పల్చని గుడ్డలో వడగట్టాలి. స్పిరిట్ విడిగా దొరకని ఊళ్లలో కలిపి ఉంచిన పాలిష్‌నే హార్డ్‌వేర్ దుకాణాలలో అమ్ముతారు. ఒక మంచానికో బీరువాకో అర లీటరుతో ప్రారంభించి చూడవచ్చు. చాలాకాలం నిలువ ఉన్న ద్రావణం సరిగా గట్టిపడదు. ఒక చుక్కను గాజు ముక్క మీద వేసి చూసి, మరునాటికీ బంకగానే ఉంటే దానిని వాడరాదు. మెథిలేటెడ్ స్పిరిట్ విషం, త్వరగా మండే ద్రవం కూడా. సీసా మీద పేరు వ్రాసి, పిల్లలకు, త్రాగుడు అలవాటు ఉన్నవారికి అందని చోట తాళం వేసి ఉంచాలి. పొయ్యి, దీపం, బీడీ దగ్గరలో ఉండరాదు.

చిటికెన వ్రేలంత దూది ముద్దను ద్రావణంలో తడిపి, పలుమార్లు ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టి చిన్న మూట కట్టాలి. మూటను వత్తితే చెమ్మ ఊరాలి గాని చుక్క కారరాదు. మొదట చెక్క పొర వెంబడి, పిదప చిన్న చిన్న చుట్లుగా, చివర మళ్లీ పొర వెంబడి తేలికగా రుద్దాలి. చేయి చెక్క మీద ఒక్క క్షణమైనా ఆగరాదు. ఆగితే గుడ్డ అంటుకొని పూత చిరుగుతుంది. విమానం నేలను తాకి లేచినట్లు ఒక ప్రక్కనుండి వచ్చి మరొక ప్రక్కకు జారిపోవాలి. గుడ్డ పట్టివేస్తుంటే వ్రేలి కొనతో ఒక్క చుక్క అవిసె నూనె మూటకు రాయాలి. నాలుగైదు పూతలు కాగానే ఒక రాత్రి విశ్రాంతినిచ్చి, అతి సన్నని ఉప్పు కాగితంతో ధూళి మొనలు మాత్రం తీసి, తిరిగి ప్రారంభించాలి. తొందరపడి చిక్కని ద్రావణంతో రెండే పూతలు వేసేవారికి మచ్చలు మిగులుతాయి. పల్చని పూతలు ఎన్ని ఎక్కువైతే మెరుపు అంత లోతుగా కనపడుతుంది.

ఋతువును కూడా గమనించాలి. గాలిలో చెమ్మ అధికంగా ఉన్నప్పుడు స్పిరిట్ ఆవిరవుతూ చెక్క ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి నీటి ఆవిరి పూతలో చిక్కుకొని తెల్లని పొర ఏర్పడుతుంది. యానాం, బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలవారు వాన ముసురులో ఈ పని పెట్టుకోరాదు. పవగడ, బళ్లారి, రాయచూరు వైపు పొడి గాలిలో వానకాలం మినహా ఎప్పుడైనా చేయవచ్చు గాని, ఎండ నేరుగా పడే చోట స్పిరిట్ మరీ త్వరగా ఎగిరిపోయి గుడ్డ పట్టివేస్తుంది. నీడ గల వసారా సరియైన స్థలం.

లక్కకు నీరు, వేడి పడవు. వాన తగిలే వీథి తలుపుకు, వేడి పాత్రలు దించే బల్లకు అది తగదు. వాటికి కాచిన అవిసె నూనెను టర్పెంటైన్‌తో సమపాళ్లలో కలిపి, గుడ్డతో పల్చగా పట్టించి, పావుగంట తరువాత మిగిలినదాన్ని తుడిచివేయాలి. దినానికి ఒకటి చొప్పున మూడు పూతలు చాలు. పిదప ఏటేటా వానలకు ముందు ఒక పూత. ఎండ దెబ్బకు నెరసిన తలుపు ఈ నూనెతో తిరిగి రంగు తేరుతుంది. ఒక హెచ్చరిక: అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా మూల పడవేయరాదు. నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఎండేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దలో ఆ వేడి బయటకు పోలేక గుడ్డలు వాటంతట అవే అంటుకొంటాయి. గడ్డివాము, కొట్టం దగ్గర అయితే చెప్పనవసరం లేదు. నీటిలో తడిపి, ఆరుబయట విప్పి పరచి ఎండనివ్వాలి. ఒడిశా సరిహద్దున కొందరు తలుపులకు జీడి తొక్కల నూనె పూస్తారు. చెదలను బాగా ఆపుతుంది గాని పచ్చి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగులు లేకుండా ముట్టరాదు.

గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి ప్రాంతాల తెలుగు కుటుంబాల ఇళ్లలో అల్లాపల్లి టేకు ద్వారబంధాలు నేటికీ కనపడతాయి. 2023లో అయోధ్య రామమందిరపు తలుపులకు టేకు పంపినది ఆ అడవులనుండే. అటువంటి కర్రతో చేసిన తలుపు పాత సామాను బండి ఎక్కే ముందు, ఒక మూలన జానెడు మేర సబ్బు నీటితో తుడిచి చూస్తే అసలు కర్ర ఏదో అరగంటలో తెలిసిపోతుంది. ఆ తరువాత కూడా అమ్మదలచినవారు అమ్ముకోవచ్చు. అప్పుడు బండివాడు చెప్పిన మొదటి ధరకు మాత్రం ఇవ్వరు.